మసూరగింజంత మచ్చ

సెఫ్రూ ఊళ్ళో శుక్రవారం పొద్దున. ఆవిరి స్నానాల హమ్మాం ముందుగదిలో, బట్టలు విప్పే చోట, చిన్ననాటి స్నేహితులిద్దరు: చెప్పులు కుట్టే అల్లాల్, జెలాబా అంగీలు కుట్టే దర్జీ బువజ్జా.

"చెయ్యి వెయ్యకు. ముందు నా వీపు మీద మచ్చ ఎంతుందో చెప్పు."

"సబ్బు పట్టుకుని నిలబడ్డవాడికి పరీక్షలేంట్రా అల్లాల్? ఎప్పుడూ ఉన్నంతే. మసూరగింజంత."

"సరిగ్గా చూసి చెప్పు."

"చూశానయ్యా. హరీరా సూపులో పడితే గరిటెక్కూడా దొరకదు. చాలా?"

"బువజ్జా, అక్కడ కట్టుంది."

"ఎక్కడ?"

"మచ్చ మీద. తెల్లటి కట్టు, దుప్పటంత. దారిలో గాడిదలు కూడా ఆగి పరామర్శించి పోతున్నాయి. నీకు మసూరగింజ కనపడిందా?"

"కట్టెందుకురా?"

"పోయిన శుక్రవారం నువ్వు కూతురింటికి మెక్నెస్ పోయావా. నేను మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకునుంటే, ఒళ్ళు రుద్దే హమ్మూ అడక్కుండా వచ్చి నా వీపు పట్టుకున్నాడు. పట్టుకుని కేకేశాడు. ఆ కేకకి మసీదు మీది పావురాలు ఫెజ్ దాకా ఎగిరిపోయాయి. ఇంకా తిరిగి రాలేదు."

"ఏమన్నాడు?"

"ఆలివ్ కాయంత ఉందన్నాడు. నల్లగా, అంచులు చెదిరిపోయి, రక్తం చెమరుస్తూ. డాక్టరు ముక్క కోసి పరీక్షకి పంపాడు. నిన్న చెప్పాడు, మంచి మచ్చ కాదట. చంకలో గడ్డ కూడా తగిలింది ఆయన చేతికి. ఏడాదిగా పెరుగుతుండాలి, ఎవరూ చూళ్ళేదా అన్నాడు. చూశారండీ, మా బువజ్జా వారం వారం చూశాడు అన్నాను."

"అల్లాల్..."

"మనిషికి తన వీపు కనపడదు కాబట్టే అల్లా స్నేహితుణ్ణిచ్చాడని నువ్వే కదరా అనేవాడివి. ఎందుకు అబద్ధం చెప్పావు?"

"కనపళ్ళేదు."

"ఏం కనపళ్ళేదు?"

"ఏదీ. ఆవిరి లేని చోట కూడా ఆవిరే. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, కుడిది దానికి తోడెళ్తోంది. దర్జీకి చూపు లేదని తెలిస్తే ఎవడిస్తాడ్రా గుడ్డ?"

"ఇమాంగారి జెలాబాకి మూడు చేతులు కుట్టినప్పుడే..."

"మూడోది చెయ్యి కాదు. జేబు. కాస్త పొడుగొచ్చింది."

"బక్రీదుకి నేను తెచ్చిన పొట్టేలుకి సలాం చెప్పి, ఇంట్లో అందరూ కులాసానా అనడిగావు."

"మర్యాదగా తలూపింది మరి... ఆగు. ఆగాగు. ఇవన్నీ నీకు తెలుసా?"

"ఊరందరికీ తెలుసు."

"ఊరి సంగతి కాదు. నీకు తెలుసా?"

"లోపల నీళ్ళు చల్లారిపోతాయి, పో."

"నీళ్ళ సంగతి తర్వాత. హమ్మూని ఏనాడూ దగ్గరికి రానివ్వలేదు నువ్వు. వాడి చెయ్యి గరుకంటావు. మీ ఆవిడ యమ్నా మా ఇంటిదానితో చెప్పుకుందట, ఆగస్టులో కూడా బనీను విప్పకుండా పడుకుంటున్నాడని."

"చలి."

"ఆగస్టులో చలా? బల్లులు నీడ కోసం కోర్టుకెక్కే నెలరా అది."

"మా అన్న కద్దూర్ కూడా ఒక మచ్చ చూపించుకోడానికే తన కాళ్ళ మీద నడిచి ఆస్పత్రికెళ్ళాడు. ఎలా తిరిగొచ్చాడో జనాజా పాడె మోసినవాడివి, నీకు చెప్పక్కర్లేదు."

"దానికీ నన్నడగడానికీ ఏంట్రా సంబంధం? ప్రతి శుక్రవారం, 'ఎంతుందిరా, ఎంతుందిరా' అని. ఇప్పుడే, ఈ చేతుల్తో నేనే నిన్ను చంపానని ఏడవబోయాను. ఊళ్ళో ఇన్ని కళ్ళుండగా, నన్నే ఎందుకడిగావు?"

"కళ్ళున్నవాడు చెప్పేస్తాడు కదరా."