స్పిన్నింగు పెట్టెలో ఒక్క ఓటు

"తాతా, మన వార్డులో ముగ్గురు నిలబడి ఉండారు. నువ్వెవురికి ఏస్తావు?"

అట్ల అడక్కూడదు అమ్మీ. అడిగితే అబద్ధాలు పుడతాయి. నేనే మీ అవ్వతో ఒక అబద్ధం చెప్పుకోనుండా.

మిల్లులో యూనియన్ ప్రెసిడెంటు ఎలెక్షను. అప్పుడు మీయమ్మ ఒళ్లో బిడ్డ... కాదు కాదు, నడస్తా ఉండింది. టీ పావలా. ముగ్గురు నిలబడినారు. పాత ప్రెసిడెంటు ఒకడు, స్పిన్నింగులో నా పక్క మిషను గోవిందన్ ఒకడు, మీ అవ్వ తమ్ముడు మునుసామి ఒకడు. మునుసామి వీవింగులో పని. మనిషి బంగారమే, నోటితోనే తంటా. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు గదా.

మా మిల్లులో ఏ డిపార్టుమెంటుకు ఆ పెట్టె, దేని లెక్క దానికే. ఎవుడు ఎవురికి ఏసినాడో తెలీదు గానీ, ఏ డిపార్టుమెంటు ఏ పక్కో అందురికీ తెలిసిపోతాది. స్పిన్నింగులో మనోళ్లే జాస్తి. మునుసామి మూలకుళం ఊళ్లో మా ఇంట్లో వాళ్లందురికీ బిర్యానీ పెట్టినాడు. తిని, నీకే మునుసామీ అన్నారు. నేనూ అన్నా.

పెట్టె తెరిస్తే స్పిన్నింగులో వాడికి ఒక్క ఓటు. గోవిందన్ గెలిచేసినాడు.

మర్నాడు మనోళ్లు ఒకరెనక ఒకరు ఇంటికొచ్చి, "ఆ ఒక్కటి నాదే అక్కా" అంటారు. మీ అవ్వ అందురికీ కాపీ ఇచ్చింది. వాళ్లు పోయినాక, అది నాదేనని నేనూ చెప్పినా. నమ్మేసి గుడ్డు దోసె పోసింది, పాపం. నేనేసింది గోవిందన్‌కి. మీయమ్మకు జరమొస్తే రెండు షిఫ్టులు నా మిషను వాడే చూసినాడు, ఏం జేసేది?

శానా ఏండ్లకు, గోవిందన్ రిటైరైన దినం, టీ అంగట్లో నవ్వులాటకు అడిగినా, ఆ ఒక్క ఓటు ఎవురిదప్పా అని. వాడు గ్లాసు కింద పెట్టినాడు.

"నాదే. నాకు నేనే ఏసుకునేదానికి సిగ్గేసింది. మునుసామికి నువ్వు ఎట్లాగూ ఏస్తావు గదా, దానికి తోడుగా ఇంకోటి ఉండనీ అని ఏసినా."

పెట్టె తెరిచిన దినమే వాడికి నా సంగతి తెలిసిపోయింది, చూడు. అన్నేండ్లు పక్కపక్క మిషన్ల మీద నిలబడినాం, ఒక్క మాట అన్లేదు. ఆ దినం టీ డబ్బులు నేనే ఇచ్చినా అమ్మీ.

ఇప్పటికీ మునుసామి వస్తే మీ అవ్వ, "మీ బావ ఒక్కడే నీకేసినాడు" అంటాది. నేను తల వంచుకుని దోసె తింటా.

సరి, నువ్వు పో. నీ మనసుకు నచ్చినోడికి ఏసి రా, సల్లగా ఉండు. ఎవురికేసినావో మాత్రం... ఉండుండు, మీ అవ్వ వస్తా ఉండాది.