సోలారు ప్లేటు మీద తడి గోతం

నా పిల్ల కాళ్లు చచ్చుబడిపోతాయేమోనన్నదే అన్నిటికన్నా నాకు పెద్ద భయం. ఎనభై ఆరు మే నెల, వెల్దుర్తి దగ్గర మా ఊరు. కరెంటు తీగ రాని మందుల గది, దాని మిద్దె మీద సోలారు ప్లేటు, లోపల అది నడిపే చల్లని మందుల పెట్టె. నర్సు అబిదా గారూ, ఆ గది కనిపెట్టుకుని ఉండే నేనూ దాని ముందు ఇలా మాట్లాడుకున్నాం.

"నాగేంద్రం, మిద్దె మీద నించి నీళ్లు కారుతున్నాయేంది?"

"గోతాలు తడిపా నర్సమ్మా. ఇప్పుడే దిగొచ్చా."

"ఏం గోతాలు?"

"ప్లేటు మీదియ్యి. పొద్దున తొమ్మిదింటికి కప్పుతా, పొద్దు వాలినాక తీస్తా. మీరు భయపడబాకండి, గాజు మీద గీత కూడా పడలేదు. పిల్లని చంకనేసుకునే నిచ్చెనెక్కుతన్నా."

"ఎందుకు కప్పావు?"

"ఎండకి. చెయ్యి పెడితే బొబ్బలెక్కుతంది. మా ఆయన క్వారీ లారీ కాగితే రేడియేటరు మీద తడి గోతమే కప్పుతాడు. ప్లేటు బిగించిన ఇంజనీరుగారు ఏమన్నాడు? తాలూకా మొత్తానికీ ఇదొక్కటే, కంటికి రెప్పలా చూసుకోమ్మా అన్నాడు. చూసుకుంటన్నా."

"దానికి ఎండే తిండి నాగేంద్రం. ఎండ పడితేనే కరెంటు. కరెంటు ఉంటేనే పెట్టె చల్లగుండేది."

"రాత్రి ఎండ ఉండదుగా. మరి రాత్రి ఎట్టా నడుస్తంది?"

"పగలు పడింది బ్యాటరీలో దాచుకుని నడుస్తది. ఎన్నాళ్ల నించి కప్పుతున్నావు?"

"ఈ ఎండలు ముదిరిన కాడినించి."

"ఎన్నాళ్లని అడిగా."

"మీరు ట్రైనింగుకని గుంటూరు పోయిన మూడోనాటి నించి."

"అంటే గురువారం నేను తిరిగొచ్చేటప్పటికి పది రోజులు."

"పది రోజులు."

"మరి పెట్టెకి కట్టిన అట్ట మీద రోజూ నాలుగు డిగ్రీలని రాసుందే? లోపల థర్మామీటరు చూసి రాయమన్నానా లేదా?"

"ఊరికే మూత తీస్తే చల్లదనం పోయిద్దని కూడా మీరేగా చెప్పింది."

"అందుకని?"

"అందుకని తియ్యలా. ముందురోజు ఎంతుందో అంతే రాశా. నాలుగుంటే మంచిదన్నారు మీరు. మంచి అంకె రాస్తే తప్పు కాదనుకున్నా. ఆరో తరగతిలోనే మానిపించారు నన్ను, పరీక్షలకి ముందే. ఇంతకన్నా నాకేం తెలిసిద్ది?"

"గురువారం పిల్లలకి చుక్కలు వేసింది ఆ వేడికి పాడైన మందే."

"మా పిల్లకి మూడోసారి వేశారు. విషమయిపోయిందా అది?"

"విషం కాదు. నీళ్లు. వేసినా వెయ్యనట్టే."

"అమ్మయ్య."

"అమ్మయ్య అనబాక. కొండవతల తండాలో పోయిన నెల ఇద్దరు పిల్లలకి కాళ్లు పోయినై. పోలియో."

"గురువారం మీరు మూత తీశారుగా నర్సమ్మా. మీరన్నా చూడలేదా, లోపల ఎంతుందో?"

"ఆ పొద్దున ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. చంటిపిల్లల తల్లులంతా మీద పడుతున్నారు."

"చూశారా, లేదా?"

"నీ రాత చూశా."

"అయితే మళ్లీ వెయ్యండి. మా పిల్లకి ముందు."

"మందేది? మాచర్ల నించి రావాలి. పాతది ఎందుకు పాడైందో రాస్తేగానీ కొత్తది పంపరు. రాస్తే ప్లేటు పీక్కుపోతారు. పరీక్షకి పెట్టింది ఇది. పల్లెటూళ్లో నిలవలేదని రాసుకుని ఇంకో జిల్లాకి ఇస్తారు."

"మళ్లీ అడుక్కుందాం."

"ప్లేటు ధర తగ్గినాక చూద్దామంటారు. తగ్గుద్దిలే, అబద్ధం కాదు. ఐదేళ్ల కిందటి ధరలో సగమే ఉందంట ఇప్పుడు. ఇంకో ఇరవై ఏళ్లకి ప్రతి పాక మీదా ఒకటి పెట్టుకుంటారంట, సైకిలు కొనుక్కున్నట్టు కొనుక్కుంటారంట. ఇంజనీరు గారే చెప్పాడు."

"ఇరవై ఏళ్లకా? మా పిల్లకి పది నెలలు."

"నాకు తెలీదా? ప్లేటు పోతే మళ్లీ బస్సులో ఐసు పెట్టే గతి. సగం దారిలోనే కరిగి నీళ్లోడుతా వచ్చేది, నువ్వు చూశావుగా."

"అందుకని రాయరా?"

"నువ్వే చెప్పు. రాస్తే ప్లేటు పోయిద్ది. రాయకపోతే గురువారం చుక్కలేసిన పద్నాలుగు మంది పిల్లల కాళ్లు."

"రాయండి. గోతం కప్పింది నాగేంద్రమ్మ అని నా పేరే రాయండి. వేలిముద్ర కాదు, సంతకమే పెడతా."

"నా పేరు కూడా రాయాలిలే. ఇట్టా కూర్చో. పేర్లు చదువుతా, ఊళ్లో ఎవరున్నారో చెప్పు."

"చదవక్కర్లా. పదమూడు మంది ఊళ్లోనే ఉన్నారు."

"పద్నాలుగో వాడు?"

"రాళ్లు కొట్టే చిన్నకోటయ్య కొడుకు. రోశయ్య. ఏడు నెలలు నిండినోడు."

"వాడేడి?"

"ఇక్కడ క్వారీలో పని అయిపోయింది. శుక్రవారమే పోయారు. వాళ్ల సామాను మా ఆయన లారీలోనే ఎక్కించారు."

"ఎక్కడికి?"

"కృష్ణ అవతలికి. మా ఆయన ఏటి ఒడ్డున దించొచ్చాడు. అక్కడి నించి ఏ క్వారీకో వాళ్లకే తెలీదంట. పని ఉన్న కాడికి."

"తెలిసిన మేస్త్రీ ఎవరన్నా?"

"లేరు. పోయేముందు ఆ పిల్లోడి తల్లి సుబ్బమ్మ నా కాడికొచ్చింది నర్సమ్మా. చుక్కలన్నీ అయిపోయినయ్యా, అక్కడ మళ్లీ వేయించాలా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఇంక భయం లేదే, చుక్కల కార్డు మటుకు జాగ్రత్తగా దాచుకో అన్నా. కొంగున ముడేసుకుంది."

"ఆ కార్డు మీద మూడు గుర్తులూ నేనే పెట్టా నాగేంద్రం. ఏ ఊళ్లో ఏ నర్సుకి చూపించినా, అయిపోయిందమ్మా పో అనే అంటది."

నర్సమ్మ రాసింది. నెల తిరక్కుండానే ప్లేటు దించుకుపోయారు. మా పిల్లతో కలిపి పదమూడు మందికీ బస్సులో వచ్చిన మందే మళ్లీ వేశారు. అది ఎంత చల్లగా వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఇది చదివేవారిలో కృష్ణ అవతల రాతి క్వారీల దగ్గర ఎవరైనా ఉంటే, చిన్నకోటయ్య, సుబ్బమ్మల కొడుకు రోశయ్య కోసం ఒక్కసారి అడగండి. ఇప్పటికి నడిచే ఈడు వచ్చి ఉంటుంది. తల్లి కొంగు ముడి విప్పి కార్డు చూపిస్తే నమ్మకండి. పిల్లవాణ్ణి చంకలోంచి దించి, నేల మీద నిలబెట్టి చూడండి.