ఒక్క గంట పని

గురజాల అవతల నాపరాయి క్వారీ ఉన్న ఊళ్ళో, రత్తమ్మ ఇంట్లో సత్తెనపల్లి నుంచి వచ్చిన సర్వే అమ్మాయి రేవతి ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రత్తమ్మ కొడుకు శివ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"గంటయినా చాలు పెద్దమ్మా. పోయిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా పని ఉన్నట్టే లెక్క."

"ఒక్క గంటకేనా? అయితే రాసుకో అమ్మాయ్. మావాడు మంగళవారం సాయంత్రం పోయాడు పనికి."

"నేనేడకీ పోలా. క్వారీలో మనోళ్ళని తీసేసి బయటోళ్ళని పెట్టుకుని ఆర్నెల్లయింది మేడం. ఊళ్ళో మగోళ్ళంతా ఖాళీ. అది రాసుకుని పో."

"అట్టంటావేందిరా? చెన్నకేశవులు గారు పిలిపించారని నువ్వే చెప్పావుగా. ఊరికే తిరుగుతున్నాడని రాయించుకుంటే నీకు పిల్లనెవరిస్తారు?"

"అమ్మా, నోరు మూసుకో."

"ఆగండి. జిల్లాలో ఎంతమందికి పని ఉందో చూసే గదా, ఇక్కడ జనం ఎట్లా బతుకుతున్నారో పైవాళ్ళకి తెలిసేది. ఏం పని చేశారు?"

"చెప్పరా."

"మేకపోతుని కోశా."

"ఎవరింట్లో?"

"చెన్నకేశవులు గారింట్లో. అయిందా? లే ఇంక."

"చెన్నకేశవులు గారంటే క్వారీ ఓనరేనా?"

"ఆయనే."

"ఉండరా. శనివారం గదా ఆయన తల్లి పోయింది. పెద్దకర్మ కాకుండా ఆ ఇంట్లో నీసు ముట్టరు. మైల్లో మేకని కోస్తారా?"

"పనోళ్ళకి కోయించారు."

"పనోళ్ళకయితే మాత్రం? అబద్ధం ఎందుకురా?"

"మేడం, నువ్వు లేచి బయటికి పో."

"వెళ్తాను. పెద్దమ్మా, మంగళవారం సాయంత్రమేనా?"

"అవునమ్మా. క్వారీ గేటు కాడ ధర్నాకి కూర్చున్న పిచ్చియ్యని నరికిన రోజే."



"ఏం మేడం, రాయడం ఆపావు?"

"ఏం లేదు. కొంచెం పక్కకి జరగండి."

"ఎందుకు ఆపావంటన్నా? ఆ ట్యాబ్ ఇటియ్యి."

"చెయ్యి వదలండి. పని లేదనే రాస్తాను."

"రాసింది చెరుపు. లేకపోతే వేళ్ళు ఒక్కోటీ విరుస్తా."

"శివా. ఆ పిల్ల చెయ్యి వదులు. నా మొహం చూసి చెప్పు. నేను పోయి చూశాన్రా ఆయన్ని. మెడ సగానికి తెగి ఉంది. కుడి చెయ్యి దూరంగా పడుంటే కుక్కలు లాక్కుపోతన్నయ్, పార్వతమ్మ రాళ్ళేసి తోలింది మొగుడి చేతి కోసం. అది నువ్వేనా?"

"నేనొక్కణ్ణే కాదు."

"నీకు మామ గదరా."

"మామే. 'శివా, నువ్వా' అన్నాడు. నా కాలు పట్టుకున్నాడు. అప్పుడు ఆగితే వెనకున్నోళ్ళు నన్నే నరికేవోళ్ళు."

"నీకేం చేశాడురా ఆయన? మీ అందరికీ పని ఇమ్మనే గదా ఆ గేటు ముందు కూర్చుంది?"

"కూర్చుంటే ఏం వచ్చింది? ఆర్నెల్లు పస్తులున్నాం. చెన్నకేశవులు గారు పిలిచి, ఒక్క గంట పని, ఆ ముసలోణ్ణి తప్పిస్తే క్వారీలో పర్మినెంటు అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. నాకు పని లేదని పొద్దస్తమానం ఏడ్చింది నువ్వే గదే. ఇప్పుడేంది ఆ చూపు?"

"నన్ను పోనివ్వండి. నేనేమీ వినలేదు."

"కూర్చో. సత్తెనపల్లిలో నీ ఇల్లు కనుక్కోవడం నాకు చిటికెలో పని. నోరు తెరిచావంటే పిచ్చియ్యకి పట్టిన గతే నీకూ."

"ఆ పిల్లని బెదిరించబాకరా. ఇంక ఎవర్నీ బెదిరించబాక."

"నీకోసమే చేశానే అమ్మా. పని దొరికింది గదా. ఇంకేం కావాలి నీకు?"

"మంగళవారం పొద్దున పిచ్చియ్య మనింటికొచ్చాడ్రా, నువ్వు లేవు. ఓనరు మనోళ్ళలో ఒక్కణ్ణి తీసుకోటానికి ఒప్పుకున్నాడంట. సొంత కొడుకుని కాదని నీ పేరు చెప్పొచ్చానన్నాడు. ఆ మనిషే పోయాక పనేం వస్తుందిలే అని నీకు చెప్పలా."