నాలుగేళ్ళ మీద నాలుగు నెలల పది రోజులు

జలంత్రకోటలో సీతారాం గారింటి అరుగు, పొద్దున్న తొమ్మిది గంటలు. సెలవులకి యూనివర్సిటీ నుంచి ఇంటికొచ్చిన ఆయన కూతురు కీర్తి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏడో తరగతితో బడి మానేసిన ధనుంజయ్ కుర్చీ వద్దని మెట్టు మీదే కూలబడి గంటయింది.

"మళ్ళీ సెప్పమ్మా. ఎన్నేళ్ళన్నావు?"

"నాలుగేళ్ళు. తప్పిపోయిన మొగుడి కోసం. దాని మీద నాలుగు నెలల పది రోజులు. మొగుడు పోయినామె ఆగాల్సిన గడువది. అదీ దాటితే ఇంకో మనువు చేసుకోవచ్చు. ఇది మదీనా ఊరి పండితుల మాట మావా. అందరి మాటా కాదు."

"అందరిదీ నాకెందుకమ్మా, ఒకలిది సాలు. రత్నాలు మొదటి మొగుడు లోకనాథ్ సముద్రం మీదకెల్లి పదకొండేళ్ళు. నాకూ రత్నాలుకీ మారుమనువయ్యి ఐదేళ్ళు. మజ్జిన ఆరేళ్ళున్నాది. సరిపోనాదా, నేదా?"

"లెక్క సరిపోయింది. కానీ ఆ నాలుగేళ్ళూ ఎప్పట్నుంచంటే, ఆమె న్యాయాధికారి దగ్గరికెళ్ళి 'మా ఆయన కనబడ్డం లేదు' అని చెప్పుకున్న రోజు నుంచి. రత్నాలమ్మ ఎవరికి చెప్పుకుంది?"

"ఊరికి సెప్పుకుంది. సముద్రానికి సెప్పుకుంది. ఇంకెవలికి సెప్పుకోవాల?"

"పోలీసులకి?"

"ఎల్లినాదమ్మా. మనిసి ఆధార్ కార్డు తెమ్మన్నారు. కార్డు ఆడి జేబులో ఉన్నాది. ఆడు పడవలో ఉన్నాడు. పడవ సముద్రం అడుక్కెల్లిపోనాది. ఎలగ తెత్తాది?"

"సరే, సరే. మావా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు హిందువువి, రత్నాలమ్మా హిందువే. సాయిబుల ధర్మశాస్త్రం నీకు దేనికి? పలాస వెళ్ళి లాయర్ని అడుగు."

"అడిగినాను. 'పాత మొగుడు బతికొచ్చినాడు, ఇడాకులు నేవు, నీది పెళ్ళే కాదు' అన్నాడు. ఐదేళ్ళు ఒకే కంచంలో తిన్నాం. మా భవ్యశ్రీకి నాలుగేళ్ళు. పెళ్ళే కాదంట. ఆ మాటనడానికి పీజు కూడా పుచ్చుకున్నాడు."

"మరి నా దగ్గరికి రమ్మని ఎవరన్నారు?"

"ఎవలూ అన్నేదు. మొన్న జీడితోటలో మీ నాన్నగారే సెప్పినారు. 'మా పాప తప్పిపోయిన మొగుళ్ళ గురించి నాలుగేళ్ళబట్టి రాత్తంది, సాయిబుల సట్టంలో దేశదేశాల పుస్తకాలు సదువుతాది, ఎవలికి పనికొత్తాదో ఏటో' అని నవ్వినారు. జీడిపిక్కలేరినోలందరూ నవ్వినారు. నాను నవ్వనేదు."

"నాన్న అలాగే అంటారు."

"మన పంతుల్నీ అడిగినాను తల్లీ. మనిసి దొరక్కపోతే దర్భలతో బొమ్మ సేసి కాల్సమంటాడు. ఐదో ఏడు కాల్సినాం. మరి కాల్సీసిన మనిసి నడుసుకుంటూ వచ్చీసినాడు, ఇప్పుడేటి సెయ్యాల పంతులుగోరూ అంటే, మళ్ళీ పుట్టినట్టు పుణ్యావసనం సెయ్యాలంట. పేరు ఎట్టి ఉయ్యాల్లో ఎయ్యాలంట. యాబై ఏళ్ళ నా కొడుకుని ఉయ్యాల్లో ఎయ్యాలంటే గొలుసులెవలు తెత్తారు?"

"నవ్వించకు మావా."

"నాను నవ్వించడానికి రానేదు. ఉయ్యాల సంగతి రాసినోలు పెళ్ళాం ఎవలిదో రాయనేదమ్మా. మీ పుస్తకాల్లోనైనా రాసినారా?"

"రాశారు. పదమూడు వందల ఏళ్ళ నుంచి రాస్తూనే ఉన్నారు."

"ఏటి రాసినారు?"

"ఒక్కొక్కరిది ఒక్కో మాట. ఒక పెద్ద ఖలీఫా తీర్పని చెబుతారు. మొదటివాడు తిరిగొస్తే అతన్నే కోరుకోమంటారు. పెళ్ళాం కావాలా, పెళ్ళినాడు ఆమెకిచ్చిన సొమ్ము వెనక్కి కావాలా అని."

"ఆడు పెళ్ళామే కావాలంటన్నాడు. ఇది పనికిరాదు. ఇంకోటి సెప్పు."

"ఇంకో ఖలీఫా మాటని చెప్పేదాని ప్రకారం, ఎన్నేళ్ళయినా ఆమె మొదటివాడి భార్యే. చనిపోయాడని రూఢిగా తెలిసేదాకా ఓర్చుకోవాల్సిందే."

"ఈయన ఆ పలాస లాయరుకి సుట్టంలాగున్నాడు. ఇంకోటి?"

"కొందరు మొగుడి ఈడువాళ్ళంతా చనిపోయేదాకా ఆగమన్నారు. అతనికి తొంభై ఏళ్ళు నిండేదాకా."

"ఓలమ్మో! తొంబై ఏళ్ళొచ్చినాక మారుమనువేటి, నడవడానికి కర్రుంటే సాలు. ఆ నాలుగేళ్ళ మదీనా వోలు ఏటన్నారు, మొగుడు తిరిగొత్తే?"

"రెండోవాడు కాపరానికి తెచ్చుకుని ఉంటే, మొదటివాడికి ఇక హక్కు లేదన్నారు."

"అదిగో! అది రాయి!"

"ఇది కొబ్బరికాయల బేరం కాదు మావా, నచ్చింది ఏరుకోడానికి."

"బేరం కాదేటి? అందరూ ఏరుకుంటన్నారు. ఆడు ఆడికి కావాల్సింది ఏరుకున్నాడు. లాయరూ ఏరుకున్నాడు. నానొక్కడినే ఏరుకోకూడదా?"

"ఏట్రా ధనుంజయా, పొద్దున్నే మా పాప మీద అరుస్తున్నావు?"

"అరవనేదు కమలమ్మగారూ. ఏటో కాయితం పని."

"అమ్మా, నువ్వు టీ అక్కడ పెట్టి వెళ్ళు."

"వెళ్తానే. ఒరే, లోకనాథ్ తిరిగొచ్చాడట కదా? పడవ కొట్టుకుపోయి ఏదో దేశం జైల్లో ఉన్నాడట, ఇన్నేళ్ళూ. గడ్డం పెంచాడట. తాగుడు మానేశాడట. ఊరంతా పాపం పాపం అంటున్నారు. నాకు మాత్రం నోరు రావడం లేదు."

"ఎందుకమ్మా?"

"నీకు తెలీదులే, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. ఓ వానాకాలం రత్నాలు మన పిక్కల గదిలో మూడు రోజులు దాక్కుంది. వాడు కొట్టిన దెబ్బకి చెవిలోంచి నెత్తురు. ఆ చెవి ఇప్పటికీ వినపడదు దానికి. అవునా ధనుంజయా?"

"అయ్యన్నీ ఇప్పుడెందుకమ్మగారూ. టీ బాగున్నాది."

"ఇంకా తాగందే బాగుందంటావేట్రా."

"అమ్మా!"

"వెళ్తున్నా, వెళ్తున్నా."

"...మావా, నిజమేనా? చెవి సంగతి?"

"ఒకేపు తిరిగి పడుకుంటే భవ్య ఏడుపు కూడా ఇనపడదు తనకి. నానే లేత్తాను. అది సరే. మన పని సూడు."

"మన పని ఏంటి అసలు? రేపు ఈ గొడవ తేల్చడానికి పెద్దమనుషులు కూర్చుంటే కూర్చోనీ. వయసొచ్చిన ఆడమనిషిని ఇష్టం లేకుండా ఎవరూ లాక్కెళ్ళలేరు. అది నేరం. చట్టం ఒప్పుకోదు."

"సట్టం పలాసలో ఉంటాది. తన మెడ ఇక్కడుంటాది. రేపు పొద్దున్న రచ్చకాడ కూకుని, 'మొదటి మొగుడు దేవుడితో సమానం, నడు' అంటే తనెల్లాల. నాను భవ్య గుంటని ఎత్తుకుని సూత్తుండాల. అందుకే ఆలకి ఏటైనా పెద్ద కాయితం సూపించాల. ఇంగ్లీసులో. కింద నీ పేరు, నీ యూనివర్సిటీ పేరు. ఎప్పుడో, ఎక్కడో ఇలాంటి గొడవొత్తే పెద్దోలు ఇలాగ తీర్పు సెప్పినారని."

"తీర్పులున్నాయి. ఈమధ్య పాత కోర్టుల రిజిస్టర్లు ఫొటోలు తీసి నెట్లో పెడుతున్నారు. పండితులు రాసింది ఒకటి, న్యాయాధికారులు చేసింది ఇంకోటి. ఆ తేడా మీదే ఇప్పుడు మావాళ్ళంతా వ్యాసాలు రాస్తున్నారు. ఇదిగో, ఇలాంటిదే కేసు, రేవు పట్నంలో."

"ఏటి సేసినాడు న్యాయాధికారి?"

"ఆమెని ఉన్న ఇంట్లోనే ఉండనిచ్చాడు."

"ఉండనిచ్చినాడా!"

"పిల్లలున్నారు, కాపరం నడుస్తోంది, చెడగొట్టొద్దన్నాడు."

"బావుండాలమ్మా ఆడు. ఎప్పుడు సచ్చిపోనాడో, ఎక్కడ సచ్చిపోనాడో, ఆడి పిల్లలు బావుండాల. అది రాయి. అదే రాయి. ఇప్పుడే రాయి."

"ఆగు. ఆగు మావా. ఒక షరతుంది."

"ఏటది?"

"మొదటివాడు బతికున్నాడని వాళ్ళకి తెలిసి ఉండకూడదు. తెలిసీ కాపరం చేస్తే ఈ తీర్పు నిలబడదు. మిగతా అన్నింట్లో కొట్టుకున్నారు గానీ, ఆ ఒక్కదాని దగ్గరా ఎవరూ తెలిసినవాణ్ణి వెనకేసుకురాలేదు."

"ఎవలికి తెలకూడదు?"

"చెప్పాను కదా. ఇద్దరికీ."

"ఇద్దరికీ అంటే... ఒకలికి తెలిసి, ఒకలికి తెలకపోతే?"

"ఎవరికి తెలిసి?"

"ఊరికే. ఊరికే అడుగుతన్నాను. నువ్వు అన్ని కేసులూ సూసుంటావు కదా. మొగోడికి తెలుసు, ఆడమనిసికి తెలదు. అప్పుడేటి?"

"అప్పుడు ఆమె తప్పేమీ లేదు. మోసపోయింది పాపం. తప్పంతా దాచినవాడిది."

"ఆమెని ఏటీ అనరు?"

"అనరు."

"సిచ్చ?"

"శిక్షంటూ ఉంటే వాడికే."

"కచ్చితంగానా? అన్ని పుస్తకాలూ సూసి సెప్పు."

"చూడక్కర్లేదు. తెలుసు."

"అయితే అది రాయి తల్లీ. ఆడు బతికున్నాడని ధనుంజయ్‌కి తెలుసు, రత్నాలుకి తెలదు. అంతే. ఇంగ్లీసులో రాసి కింద తెలుగులో రాయి. నాను సంతకం ఎడతాను. సంతకం వచ్చు నాకు."

"...ఏంటి నువ్వంటున్నది?"

"రాయమ్మా."

"నీకు తెలుసా? లోకనాథ్ బతికున్నాడని నీకు తెలుసా?"

"ఫోనొచ్చింది. బొమ్మ కాల్సడానికి నెల ముందు. జైల్నుంచి. నా నంబరొకటే గుర్తున్నాదంట ఆడికి."

"బొమ్మకి ముందా? కొరివి ఎవరు పెట్టారు?"

"నానే. ఆడికి తమ్ముడు నేడు కదా, నేస్తం నానే."

"బతికున్న మనిషికి కొరివి పెట్టావా? తెలిసీ?"

"ఎట్టినాను."

"పెట్టి, ఆ మనిషి పెళ్ళాన్ని చేసుకుని, ఇప్పుడొచ్చి నా చేత కాగితం రాయిస్తావా? గంట నుంచి నీ కోసం వెతుకుతున్నాను ఇక్కడ, పిచ్చిదానిలాగ!"

"తిట్టమ్మా. ఎంత తిడతావో తిట్టు. కాయితం రాసి తిట్టు."

"రేపు అందరి ముందూ ఒక మాట చెబుతానని లోకనాథ్ తిరుగుతున్నాడని మా నాన్న అన్నారు. ఇదేనా ఆ మాట?"

"ఇదే. ఆడు నోరిప్పకముందే నాను సెప్పీయాల. ముందు సెప్పినోడి మాటే నిలబడతాది. ఆడు సెప్తే వేరేలాగ సెప్తాడు."

"వేరేలాగ అంటే ఏంటి మావా? ఏం దాస్తున్నావు ఇంకా?"

"దాసడానికేటీ నేదు."

"ఊరు నిన్ను బతకనిస్తుందా, ఈ మాట చెప్పాక?"

"నన్ను కొట్టనీ. ఎలేసీనీ. జుట్టు గొరిగి సముద్రం దాకా తరమనీ. తనూ గుంటా ఆ ఇంట్లో ఉంటే సాలు. నువ్వే అన్నావు కదా, ఆమెని ఏటీ అనరని."

"అది పుస్తకంలో. ముందు రత్నాలమ్మకి తెలియాలి, ఐదేళ్ళుగా ఎలాంటి మనిషిని నమ్ముకుందో. నేను ఇప్పుడే వెళ్తున్నాను మీ ఇంటికి."

"వొద్దమ్మా. నీ కాళ్ళట్టుకుంటాను."

"కాళ్ళు వదులు! వదులు ముందు. నేను చెప్తాను ఆమెకి. ఆ ఫోన్లో లోకనాథ్ ఏం చెప్పుకున్నాడో, భార్యకి ఏం చెప్పమని ఏడ్చాడో, ఒక్క ముక్క వదలకుండా చెప్పు నాకు. ఏమన్నాడు?"

"నాకు తెలదు తల్లీ."

"తెలీదేంటి? నీకేగా ఫోనొచ్చింది?"

"ఫోను నాదేనమ్మా. ఎత్తింది రత్నాలు."