పెన్సిల్‌తో రాసిన ‘బ’

బాన్సువాడలోని ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో, అన్ని కాలేజీల రికార్డులనూ ఒకేచోట దాచేందుకు యూనివర్సిటీ కంప్యూటర్లో కొత్తగా తయారుచేస్తున్న డేటా వేర్‌హౌస్‌లోకి ఒకమ్మాయి పాత రిజిస్టర్లు ఎక్కిస్తోంది. పక్కనే ముసలి క్లర్కు.

“సార్, గీ పదకొండు మంది అమ్మాయిలు ఒక్క నెలలనే బదిలీ అయిండ్రు. ఏ కాలేజీకి పోయిండ్రు?”

“బదిలీ అని ఎవరు చెప్పిండ్రమ్మా?”

“పేర్ల పక్కన పెన్సిల్‌తోని ‘బ’ అని ఉంది కద సార్. గట్లనే ఎక్కించిన.”

“అది బదిలీ కాదు బిడ్డా, బస్సు. డోంగ్లి దిక్కు పొయ్యే సాయంత్రం బస్సు బందయింది. చీకటి పడ్డంక ఆడపిల్లలు ఇంటికెట్ల పోతరు? చదువిడిసి ఇంట్ల బీడీలు చుట్ట కూసున్నరు.”

“మరి గా సంగతి పైకి రాయలేదా?”

“పైకి పంపే ఫారంల ‘సొంత కారణాలు’ అని ఒక్కటే గడి ఉండె. అండ్లనే టిక్కు పెట్టిన. మనసొప్పలే. ఎవరన్న అడిగితే చెప్దామని గీడ ‘బ’ రాసుకున్న.”

“ఎవరూ అడగలేదా?”

“ఆరేండ్లకు నువ్వే అడిగినవ్.”

అమ్మాయి తాను ఎక్కించిన పదకొండు ‘బదిలీ’లూ చెరిపేసింది.

“సార్, ‘బస్సు లేదు’ అని కొత్త గడి పెట్టిన. రిజిస్టర్ చూసి ఒక్కొక్క పేరు చదువుండ్రి.”

“రిజిస్టర్ మూసెయ్ బిడ్డా. గా పేర్లు నాకు నోటికొచ్చు.”