గొంగడికి వందనాలు

*నల్లగొండ మిషను కాంపౌండు. సాయంత్రం. వంటసాల గడపలో సాలమ్మ బియ్యం చెరుగుతోంది. దవాఖానలో పనిచేసే బీరప్ప, బంతి చంకలో పెట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు. మాట్లాడేది కొత్తగా వచ్చిన యోహాను గురించి.*

"...ఉరకడక్కా! నేను మొత్తుకునేది గదే. బుట్టబంతాటల ఉరకనోడు ఎందుకు? ఊకె నిలబడనీకి గా బుట్ట కట్టిన కట్టె ఉన్నది గద!"

"కట్టె బంతి ఎయ్యదు గదరా బీరప్పా. యోహానన్న ఏస్తడు. నీ మూతికి మీసం రాకముందు సంది సికింద్రాబాదు రైలు జట్టుల ఆడిండట."

"ఆడిండు. గా జమానా ఎల్లిపోయింది. ఇప్పుడాయన మోకాలు మడిస్తే నీ వంటసాల తలుపు లెక్క కిర్రుమంటాంది."

"నా తలుపునేమన్నంటే బువ్వ బందు."

"నిన్న ఏమైందో ఇను. ఆట మధ్యల బంతి ఇసిరిన. పట్టుకోలే. సీదా ఛాతికి తగిలింది. 'పిలువకుండ ఇసురుతవేంది తమ్మి, మా దిక్కు పేరు పెట్టి పిలిచి ఇస్తరు' అన్నడు. పిలిచి ఇయ్యనీకి అది పెండ్లి పత్రికనా?"

"పిలిస్తే నీ నోరేమన్న అరుగుతదా?"

"మా జట్టు గుర్వయ్య ఏమన్నడో తెలుసా? 'ఈయనకు మనం బంతి ఇయ్యాల్నా, సలాం చెయ్యాల్నా' అన్నడు."

"గుర్వయ్యకు సలాం ఎవరు చేస్తరు? గాయన కంటె గాయన గొంగడికే మర్యాద ఎక్కువ దొరుకుతాంది."

"ఏందే?"

"ఏం లేదు, ఊకో. ముందుగాల ఇది చెప్పు. రేపటి పందెం ఆటకు నీకు అయిదో మనిషి ఉన్నడా?"

"యాదయ్య ఉండె."

"ఉండె! ఇప్పుడు యాదయ్య గొర్ల ఎంబడి కృష్ణ ఒడ్డున ఉన్నడు. మందలు వలస పోయే దినాలల్ల పందెం ఒప్పుకున్నదెవరు? గొర్లకాపరి ఇంట్ల పుట్టినవు, మంద ఎప్పుడు కదులుతదో నీకు ఎరుకలేదా?"

"ఎరుకనే. కచేరి గుమాస్తాలు 'ఖుర్దాద్ నెలల ఆడుదమా' అన్నరు. సర్కారు నెల, వినసొంపుగ ఉన్నది. ఊఁ అన్న. గా ఖుర్దాద్ మన ఎండకాలంలనే వస్తదని ఎవనికి తెలుసు?"

"అడగనీకి నోరు లేకుండెనా?"

"షరమైంది. గుమాస్తాల ముందట ఖుర్దాద్ అంటే ఏందని ఎట్ల అడుగుత? తలకాయ ఊపిన. రేపు పొద్దుగూకాల అయిదుగురం నిలబడకపోతే ఆడకుండనే ఓడినట్టు."

"మరి ఇంకేంది, యోహానన్నను నిలబెట్టు. మిషను దొర గూడ గదే అన్నడు గద."

"దొర నా మెడకు ఉరి చుట్టిండు. 'మీ జట్టు ఆయన్ను ఒప్పుకుంటే మన బడికి డ్రిల్లు సారుగ ఉంచుకుంట, గేటు పక్క అర్ర ఇస్త. ఒప్పుకోకుంటే సోమవారం బస్సెక్కిస్త' అన్నడు. గాయన బతుకు నా చేతుల పెట్టిండు. నాకెందుకే గీ బరువు?"

"బస్సెక్కి యాడికి పోతడురా? ఇంటామె మన్నుల కలిసింది. పిల్లలు లేరు. ఈడికొచ్చినంక కడుపు నిండ తింటాండు పాపం."

"కడుపు నిండ తింటే సరిపోతదా? మా జట్టుల సైదులును చూడు. ఉరికి, ఎగిరి, బుట్టకు ఏలాడి దాని అంచు వంకర చేసిండు. గసువంటోడు కావాలె."

"బుట్ట ఇరగ్గొట్టేటోడు కావాల్నా? నర్సింగమ్మ ఆ బుట్టను చూసి మేదరోళ్ల తిట్లన్ని తిట్టింది."

"బాగు చేస్తనన్నది. గని గా గొంగడి సంగతేంది? నోట్ల నానబెట్టకు."

"చెప్తే నవ్వుతవు."

"నవ్వనీకే అడుగుతున్న."

"మొన్న పొద్దుగాల యోహానన్న వంటసాలకొచ్చిండా. గా మూలకు మేకుకు గుర్వయ్య గొంగడి తగిలేసి ఉన్నది. దాని ముందట ఆగి, రెండు చేతులు జోడించి, 'వందనాలు గుర్వయ్యా, మంచిగున్నవా' అన్నడు."

"గొంగడికా?"

"గొంగడికే. అది పలకలే. 'ఇంక కోపం తగ్గలేదా నా మీద' అని దాన్నే అడిగిండు. నేను చాటల బియ్యం ఒలకబోసుకొని నవ్విన. గాయన గూడ నవ్విండు. మస్తు మస్కిరి మనిషిరా! ...ఏందిరా, నవ్వుతనన్నోనివి, గట్ల చూస్తున్నవు?"

"గాయన ఎప్పుడు నవ్విండక్కా? నువ్వు నవ్వినంకనా, ముందుగాలనా?"

"నేను నవ్వినంకనే. ఏం?"

"ఏం లేదు. అక్కా, నీ మేకపోతు మెడల గంట ఉన్నది గద, జర ఇప్పియ్యి."

"నీకెందుకు? నువ్వు తప్పిపోతవని భయమా?"

"బుట్ట కాడ కడుత. కచేరోళ్లు బంతి పడినా పడలేదంటరు. గంట మోగితే నోరు మూస్తరు."

"మేకపోతు గంటకు కచేరోళ్లు నోరు మూస్తరా!"

"ఇయ్యే అక్కా. రేపు మల్ల దాని మెడలనే కడుత."

*తెల్లవారి పొద్దు. ఆటస్థలంలో బీరప్ప, యోహాను ఇద్దరే ఉన్నారు.*

"తమ్మి, మిగతావాళ్లు యాడికి పోయిన్రు?"

"నేనే రావద్దన్న. యోహానన్నా, తిప్పి తిప్పి చెప్ప. బంతి ఏసి చూపెట్టు. పడితే సాయంత్రం మాతోటి ఆడుతవు."

"పడకపోతే?"

"పడకపోతే, సోమవారం బస్సు మంచి బస్సే అంటరు. కిటికి పక్కకు కూసో."

"నీ నోట్ల మన్ను పొయ్య! ఆగు, బూట్లు ఇడుస్త."

"ఆటకు బూట్లు తొడుగుతరు గని ఇడుస్తరా?"

"కొత్త జాగా గద. నేలతోటి దోస్తానా చెయ్యాలె. కాలుకు తగిలితేనే నేల దోస్తయితది."

"మంచిగ చెప్పినవు. నువ్వు నిలబడే కాడ సున్నం గీత కింద నులకతాడు పాతిపెట్టిన. కాలుకు తగులుతది."

"తాడెందుకు?"

"గాలికి సున్నం కొట్టుకపోతాంది. తాడు కొట్టుకపోదు."

"మంచి పని చేసినవు. నాకు గీత కనబడదని గాదు..."

"కనబడదని నేనన్ననా?"

"అనలే. ఊకె చెప్పిన."

"గంట గూడ కట్టిన. గాలికి మోగుతాంది, ఇనబడుతాందా?"

"ఇనబడుతాంది. గంట దేనికి?"

"కచేరోళ్ల కోసం. బంతి పడ్డదా లేదా అని లొల్లి పెట్టకుండ."

"హుషారున్నవు తమ్మి. గని నీ గంట మేక కంపు కొడుతాంది."

"సాలమ్మక్క మేకపోతుది. గది రాత్రి సంది నా మీద అలిగి గడ్డి ముడుతలేదు. ఇగో, ఎటు పోతున్నవన్నా?"

"కట్టెను ముట్టుకొని వస్త. పాత అలవాటు. ముట్టుకుంటే చెయ్యి అచ్చొస్తది."

"ముట్టుకో. కుడి దిక్కు చిన్న గుంత ఉన్నది."

"గుంత చూసిన నేను."

"నీకు గాదు, నాకు నేనే చెప్పుకున్న. మొన్న పడ్డ దాంట్ల."

"ఇగ బంతియ్యి."

"యోహానన్నా! ఇస్తున్న! ఛాతికి!"

"హా! చూసినవా? పిలిచి ఇస్తే చేతులకు బిడ్డను ఇచ్చినట్టుంటది."

"పిలుసుడు మాకేం కొత్త? పొద్దంత గొర్లను పిలిచే నోళ్లు. రాత్రి అందరికి చెప్పిన, సాయంత్రం ఎవడు బంతి ఇచ్చినా పేరు పెట్టి అర్వాలె అని. 'మందను తోలినట్టు అర్వాల్నా' అని గుర్వయ్య మూతి ముడిచిండు. గట్లనే అర్వు అన్న."

"నా ఒక్కని కోసం జట్టంత మారాల్నా తమ్మి?"

"నీ కోసమని ఎవరన్నరు? నోరు మూసుకొని ఆడి ఒకల మీద ఒకలం పడుతున్నం. మొన్న ఇస్రాయేలు పన్ను గుర్వయ్య నెత్తిల దిగింది. గుర్వయ్యేమో నెత్తి పట్టుకొని ఏడ్వక, పన్ను నాకే ఉంటదా అని అడిగిండు."

"హహ్హ! ...తమ్మి."

"చెప్పన్నా."

"బస్సు సంగతి నువ్వు మస్కిరికన్నవు. నాకు మస్కిరి గాదు. సికింద్రాబాదుల అర్ర ఖాళీ చేసి వచ్చిన. ఆమె పోయినంక ఆ అర్రల దీపం పెట్టబుద్ధి గాలే. దీపం పెట్టినా పెట్టకున్నా నాకు... పోనీ. ఈడ సాలమ్మ బువ్వ పెట్టి, 'ఇంక జరంత ఏద్దునా' అని అడుగుతది చూడు. గా మాటకే ఉండాలనిపిస్తాంది. అన్నం కోసం గాదు."

"..."

"ఉన్నవా తమ్మి?"

"ఉన్న. ఈడనే ఉన్న. ఏసెయ్యన్నా, ఎండ ఎక్కుతాంది."

"ఏస్తున్న. ...మోగింది!"

"మోగింది."

"పడ్డదా?"

"...పడ్డది."

"నేను చూసిన. ఊకె అడిగిన."

"నేను గూడ ఊకెనే చెప్పిన. యోహానన్నా! ఇస్తున్న! ఇంకోటి ఏయ్!"

"ఇగో. ఇది గూడ మోగింది!"

"మోగింది. జర ఎడమకు జరిగి ఏస్తవా?"

"తాడు మీదనేనా?"

"తాడు మీదనే. ఇస్తున్న!"

"ఇగో! ఏమంటవు ఇప్పుడు?"

"ఏమంట? మేకపోతు మెడల ఉన్ననాడు గూడ గీ గంట గింతగనం మోగలే."

"ఇనుకో, దీంట్ల కిటుకు ఒక్కటే. బుట్ట అంచు మీదికెల్లి కన్ను తియ్యొద్దు. అంచును చూసుకుంటనే బంతి ఇడవాలె. బడి పిలగాండ్లకు ముందుగాల గిదే నేర్పుత. నన్ను ఉంచుకుంటే, అంటున్న."

"అంచు మీదికెల్లి కన్ను తియ్యొద్దు. యాదికి పెట్టుకుంట."

"బుట్ట గూడ మంచి పనితనం. ఎవరల్లిన్రు?"

"నర్సింగమ్మని, మేదరామె."

"యోహాను మెచ్చుకున్నడని చెప్పు. సైదులు దాని అంచు వంకర చేసిండని అందరంటున్నరు గని, నాకైతే గుండ్రంగనే కనబడుతాంది."

"...గుండ్రంగనే ఉన్నదన్నా."

"మరి, బస్సు?"

"గా కిటికి పక్కకు ఇంకెవరన్న కూసుంటరు. దొరకు నేను చెప్త. పో, బాయి కాడ మొకం కడుక్కో. సాలమ్మక్క జొన్న గటుక చేసింది."

"నిజంగనేనా?"

"గటుకనా, దొరనా?"

"నీ నోట్ల... చక్కెర పొయ్య!"

"నీ ఎంబడి రావాల్నా?"

"వద్దు తమ్మి. బాయి గిరక సప్పుడు ఇనబడుతాంది. పోత."

*యోహాను వెళ్ళిన దారినే సాలమ్మ ఎదురొచ్చింది. బీరప్ప కట్టెకు నిచ్చెన ఆనిస్తున్నాడు.*

"బీరప్పా! ఏమైందిరా? గాయన పాట పాడుకుంట బాయి కాడికి పోతాండు. ఎదురుంగ నేను పోతే నన్ను 'ఏం సైదులూ' అని పలకరించి పోయిండు. మల్ల మస్కిరి! ఒప్పుకున్నవా ఏంది?"

"ఒప్పుకున్న."

"నా తండ్రే! ఏసిండా మరి?"

"ఏసినవన్ని పడ్డయి."

"దేంట్ల పడ్డయిరా? బుట్ట ఇగో, నా నెత్తిమీదున్నది! తెల్లారకముందే ఇప్పుకపోయిన నర్సింగమ్మ, ఇప్పుడు బాగు చేసి నాకిచ్చి పంపింది. గా కట్టెకు ఉత్త గంట ఒక్కటే ఏలాడుతాంది, ఇగ గాయన దేన్ని చూసి... బీరప్పా... అంటే గా పొద్దు గొంగడికి..."

"ఏసినవన్ని సీదా గంటకే తగిలినయి. నిచ్చెన గట్టిగ పట్టుకో అక్కా. గాయన మొకం కడుక్కొని వచ్చేలోపల బుట్ట కట్టాలె. గంట మాత్రం ఇప్పకు."