నెత్తురు ఆపిన చేతులకు నమస్సు

1991 జూన్ 3, సోమవారం ఉదయం, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఎక్స్‌రే విభాగం గుమ్మంలో నిలబడిన యువ వైద్యురాలికి ఆ రోజు కూర్చోవడానికి కుర్చీ సైతం దొరకలేదు. టెక్నీషియన్ ఒకాయన ఫిల్ముల పెట్టెను బోర్లించి, దానిపై తువ్వాలు పరిచి, "ప్రస్తుతానికి ఇదే సింహాసనం అనుకోండి మేడమ్" అన్నారు. ఆమె నవ్వి కూర్చున్నారు. అలా ఆరంభమైన సుదీర్ఘ సేవా ప్రస్థానం ఈ నెలాఖరుతో పరిసమాప్తమవుతున్నది.

ఆమెను ఆసుపత్రిలో పేరుపెట్టి పిలిచేవారు తక్కువ. ఎంత అత్యవసర పరిస్థితిలోనైనా ఆమె నోట ముందుగా వెలువడే మాట "నిదానం" కావడంతో, చేరిన ఏడాదిలోపే అందరికీ నిదానం మేడమ్ అయ్యారు. ఎదురుపడిన ప్రతివారితోనూ వరస కలిపే ఆ టెక్నీషియన్ అందరికీ బాబాయిగారు. మధ్యాహ్నం ఆయనకు క్యారియరు తెచ్చే ఇల్లాలు, ఎవరూ నిర్ణయించకుండానే, పిన్నిగారు.

ఆ రోజుల్లో గొంతు క్యాన్సరుకు రేడియేషన్ తీసుకున్న కొందరికి, నెలలకో సంవత్సరాలకో, మెదడుకు రక్తం మోసే మెడలోని పెద్ద ధమని పలచబడి హఠాత్తుగా పగిలేది. మెడ కోసి ధమనిని ముడివేయడమే ఉన్న ఏకైక ఉపాయం. కాని రేడియేషనుకు కమిలిన కండ తడిసిన కాగితంలా కుట్టుకు ఆగేది కాదు; ఆగినా, మెదడుకు రక్తం అందక కాలూ చెయ్యీ పడిపోయేవి. మేడమ్ కళ్లెదుటే ఒక దర్జీ వార్డుకూ ఆపరేషన్ థియేటరుకూ నడుమ, స్ట్రెచరు మీదే కన్నుమూశారు. "ఇప్పుడేగా నాతో నవ్వారు, ఇంతలోనే ఏమైంది?" అని ఆయన భార్య వరండాలో కనబడిన ప్రతివారినీ అడిగారు. ఆ ప్రశ్నే మేడమ్‌ను దూరాన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రికి, కొత్త విద్య నేర్చుకోవడానికి పంపింది.

తిరిగి వచ్చాక, తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, రక్తనాళం లోపలినుంచే సన్నని గొట్టాన్ని మెడవరకు నడిపి, పగిలినచోట పొర తొడిగిన స్టెంటును అమర్చవచ్చని ఆమె వివరించినప్పుడు శస్త్రచికిత్స విభాగాధిపతి పెదవి విరిచారు.

"మంట ఇక్కడుంటే నీళ్లు పక్క ఊరినుంచి తెస్తానంటారేమిటమ్మా?"

"దారి లోపల ముందే ఉందండీ. దాని వెంట నిదానంగా పోవడమే మన పని."

తొలి రోగి ఒక బస్సు కండక్టరు. గాజు తలుపు వెనక నిలబడి, తెరమీద రక్తస్రావం ఆగేవరకు ఆద్యంతం చూసిన ఆ శస్త్రచికిత్స విభాగాధిపతి, మర్నాడు తన రోగిని తానే స్ట్రెచరు తోసుకుంటూ తీసుకువచ్చారు.

అనతికాలంలోనే మేడమ్ విభాగాధిపతులయ్యారు. ఎందరో యువ వైద్యులకు గురువులయ్యారు. ఎక్స్‌రే కిరణాలు తగలకుండా తొడుక్కునే సీసపు కోటు మోసి మోసి నడుము దెబ్బతిన్నా శిక్షణ మానలేదు. శిష్యులకు ఆమె మొదట నేర్పినది మాత్రం సాంకేతిక విషయం కాదు. "మనం ఆపేది నెత్తురునే, జబ్బును కాదు. ఈ తేడా ఇంటివాళ్లకు ముందే చెప్పండి. తర్వాత చెబితే మోసంలా వినబడుతుంది" అనేవారు.

ఆ తేడాను ఆమె తన మనిషికే చెప్పవలసిన రోజు వచ్చింది. బాబాయిగారికి గొంతు క్యాన్సరు సోకింది. స్వరపేటిక తీసివేశారు, రేడియేషన్ ఇచ్చారు. ఊరందరినీ వరసలతో పిలిచిన గొంతు పోయి చేతికి పలక వచ్చింది. ఒక ఉదయం గడ్డం గీసుకుంటుండగా తువ్వాలుకు నెత్తురంటింది. అది ఏ ముప్పుకు ముందుమాటో ఆ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? మెడకు తువ్వాలు చుట్టుకుని నేరుగా విభాగానికి వచ్చారు.

"నడిచొచ్చారా బాబాయిగారూ?" అన్నారు మేడమ్, ముఖం పాలిపోయి.

ఆయన పలకమీద రాశారు: "పరిగెడితే మీరు కోప్పడతారుగా."

వేలమందిని తాను పడుకోబెట్టిన బల్లమీద ఆయన పడుకున్నారు. ధమనిని లోపలినుంచే పూర్తిగా మూసివేస్తే మళ్లీ పగలదు; అయితే దాన్ని మెదడు తట్టుకోగలదా అని ముందు పరీక్షించాలి. చిన్న బెలూనుతో రక్తాన్ని ఆపి, చేతి పట్టు సడలితే తెలిసేలా, ఆయన చేతికి నొక్కితే కూసే రబ్బరు బాతును ఇచ్చారు. ఆయన ఆగకుండా నొక్కుతూ ఉన్నారు. కాసేపటికి కూత బలహీనపడింది, ఆగిపోయింది. మేడమ్ వెంటనే బెలూను వదులు చేశారు. బాతు మళ్లీ కూసేవరకు ఆమె ఊపిరి తీసుకోలేదని పక్కనున్న సిస్టరు చెబుతారు. మూసే దారి లేదు కనుక స్టెంటు వేశారు. ధమని నిలిచింది.

"పిన్నిగారూ, ఈసారికి గండం గడిచింది. ఎన్నాళ్లో మాత్రం చెప్పలేను" అన్నారు వరండాలో.

"తెలుసమ్మా. అన్నం తింటూ ఈ మాటలే చెప్పేవారు. పరాయివాళ్ల గురించి."

ఆ వేసవి, ఆపై వానాకాలం బాబాయిగారు ఇంటిపట్టున గడిపారు. ఎడమకు ఒక చప్పట, కుడికి రెండు చొప్పున కొట్టి మనవరాలికి సైకిలు నేర్పారు. "కాపురానికొచ్చాక మొదటిసారి ఈయన వాదన తుడిచేసే వీలు దొరికింది" అని పిన్నిగారు పలక చూపి నవ్వించేవారు. నవ్వించి, ముఖం పక్కకు తిప్పుకునేవారు.

చలి మొదలయ్యాక మెడమీది పుండు లోతెక్కింది. స్టెంటు దగ్గర మళ్లీ నెత్తురు కనిపించింది. మేడమ్ పరికరాలన్నీ సిద్ధం చేయించి వార్డుకు వచ్చారు.

"ఇంకో స్టెంటు వేద్దాం బాబాయిగారూ. దారుంది. నిదానంగా ఆలోచించండి."

ఆయన పలక అందుకున్నారు: "ఆలోచించాను. నిదానంగానే. చాలు మేడమ్."

ఆమె పిన్నిగారి వైపు చూశారు.

"నన్ను చెప్పమనకండమ్మా. నేనడిగితే ఒప్పుకుంటారు. అందుకే అడగను."

మేడమ్ బయటికి వచ్చి యంత్రాలు ఆపమన్నారు. బాధ తెలియకుండా మందిప్పించారు. నెత్తురు ఎర్రగా కనిపించి ఇంటివారు బెదరకుండా మంచం పక్కన ముదురు రంగు తువ్వాళ్లు పెట్టించారు. ఒక వైపు పిన్నిగారు, మరో వైపు తాను, ఆయన చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే ధమని పగిలింది. ఆపడానికి ప్రయత్నించకుండా ఆమె చూసిన మొట్టమొదటి రక్తస్రావం అదే.

ఆ సాయంత్రం ఆమె ఎంతకీ చేతులు కడుక్కోవడం ఆపకపోతే, శుభ్రంగానే ఉన్నాయి కదా అన్నారట ఆమె భర్త. "ఈరోజు ఇవి ఏమీ చేయలేదు" అన్నారట మేడమ్.

కొన్నాళ్లకు పిన్నిగారు విభాగానికి వచ్చారు. "బలవంతం చేస్తారేమోనని భయపడ్డానమ్మా" అన్నారు.

"చేయాలనే ఉంది పిన్నిగారూ."

"తెలుసు. పరికరాలన్నీ సిద్ధం చేయించే వచ్చారుగా. అయినా ఆయన మాట ఆయనకు మిగిల్చారు."

నాటినుంచి మా విభాగంలో ఒక పద్ధతి స్థిరపడింది. తొలి చికిత్స నాడే, రోగి తెలివిలో ఉండగా, మేడమ్ స్వయంగా పక్కన కూర్చుని, "మళ్లీ నెత్తురు వస్తే ఏం చేయమంటారు?" అని అడిగేవారు. కొందరు ఆపమన్నారు, కొందరు వద్దన్నారు, కొందరు ఏడ్చారు. ఎవరి జవాబునూ ఆమె తొందరపెట్టలేదు.

వీడ్కోలు సభకు పూలమాలలు వద్దని ఆమె ముందే చెప్పారు. కాపాడినవారి సంఖ్య ఎవరో వేదికపై చదవబోతే, దక్కనివారి ముఖాలే గుర్తొస్తాయి, వదిలేయమన్నారు. ఆ ముఖాలను దింపుకొమ్మని చెప్పే చనువు మాకు లేదు. వాటిని మోసే బలం ఆమెకు తరగకూడదని మాత్రం కోరుకుంటున్నాము. నొప్పి లేని నడుముతో, భర్తగారి మొక్కల నడుమ, కుమార్తె కబుర్ల నడుమ, ఎవరి ప్రాణమూ తన వేలికొసపై వేలాడని ప్రశాంతమైన ఉదయాలు ఆమెకు అసంఖ్యాకంగా లభించుగాక. ఆయురారోగ్యాలు ఆమె ఇంట చిరకాలం కొలువుండుగాక. ఇంతకాలం ఇతరుల చేతులు పట్టుకుని కూర్చున్న ఆమె చేతిని పట్టుకోవడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన ఉందురుగాక.